వెనక సీట్లో రెండు తెరలు

బ్యాంకు ఉద్యోగంలో చేరి ముప్పై మూడేళ్లు దాటింది. బి.కాం. చదివినవాణ్ణి. డెబిట్‌కి క్రెడిట్ సరిపోయిందా లేదా చూసుకోవడం తప్ప వైర్లు, స్క్రూలు నాకు అబ్బిన విద్య కాదు. ఇంట్లో ఫ్యాను రెగ్యులేటరు మార్చాలన్నా మా ఆవిడ నన్ను అడగదు, నేరుగా పక్కింటి కుర్రాణ్ణే పిలుస్తుంది. అలాంటివాణ్ణి కారు సీటు తలగడలకి వీడియో తెరలు బిగించే సంగతి రాస్తానంటే ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వితే నవ్వనీ. ఈ పని తెలిసినవాళ్లు ఎలా చేస్తారో రాయడానికి చాలామంది ఉంటారు. తెలియనివాడు చేయిస్తే ఏమవుతుందో రాయడానికి మాత్రం నాకన్నా తగినవాడు దొరకడు.

మాది బరంపురం. తాతల నాటి నుంచీ ఇక్కడే. గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు వచ్చి స్థిరపడిన కుటుంబం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు మేము ఇల్లు కదలకుండానే వేరే రాష్ట్రం వాళ్లమైపోయామని మా తాతగారు అనేవారట. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, ఆఫీసులో ఇంగ్లీషు. ఈ పత్రిక చదివే చాలా ఇళ్లలో భాషల పేర్లు మారతాయేమో గాని వరస ఇదే.

మా అమ్మాయి, అల్లుడుగారు భువనేశ్వర్‌లో ఉంటారు. వారికి ఇద్దరు పిల్లలు. పెద్దది ఆడపిల్ల, చిన్నవాడు మగపిల్లాడు. నేను రాస్తున్న సంగతి జరిగిన 2023 వేసవి నాటికి పెద్దదానికి ఎనిమిదేళ్లు, చిన్నవాడికి ఆరు. సెలవులివ్వగానే నేను కారేసుకుని వెళ్లి వాళ్లని తెచ్చుకోవడం అలవాటు. నూట డెబ్భై కిలోమీటర్ల దారి. ఆ దారిలో సగం దూరం ఒకటే ప్రశ్న. "తాతా, ఇంకా ఎంత దూరం?" మిగతా సగం కిటికీ పక్క సీటు కోసం పోట్లాట. ఒకసారి బాలుగాం దగ్గర ఒకరి జుట్టు ఒకరు పట్టుకుంటే కారు ఆపి ఇద్దరినీ విడదీయవలసి వచ్చింది.

"నాన్నా, వెనక సీటుకి రెండు స్క్రీన్లు పెట్టించండి. ఎవరి స్క్రీను వారిది. గొడవ ఉండదు," అంది మా అమ్మాయి.

నాకూ ఆ మాట నచ్చింది. ఈ వయసులో తలకాయ తిప్పి వెనక్కి చూస్తూ కారు నడపడం నా వల్ల కాదు.

కార్ల సామాను అమ్మే ఒక షాపుకి వెళ్లాను. అందులో మూడు రకాలున్నాయని అక్కడే తెలిసింది. మొదటిది చవకరకం. తలగడ కింద కనిపించే రెండు కడ్డీలకి ఒక క్లిప్పు బిగించి, అందులో టాబ్లెట్టు పెట్టుకోవడం. వైర్ల పని లేదు. రెండోది, ఆ కడ్డీలకే బిగించే విడి తెర. దానికి కారు నుంచి కరెంటు కావాలి. మూడోది, మన తలగడ తీసేసి తెర లోపలే అమర్చి ఉన్న కొత్త తలగడ పెట్టడం. దాని కడ్డీలు బోలుగా ఉంటాయి. వైరు ఆ బోలులోంచి సీటు కవరు వెనక్కి దిగిపోతుంది గనుక పైకి ఏమీ కనపడదు. చూడటానికి పెద్ద కంపెనీ కారులో వచ్చినట్టే ఉంటుంది. నాకు ఆ మూడోదే కావాలనిపించింది. మనిషికి అందంగా కనబడే వస్తువు మీదే మనసు పోతుంది గదా.

షాపు కుర్రాడు ఒక ప్రశ్న అడిగాడు. "తాళం లేకపోయినా ఆడాలా సార్, తాళం తిప్పితేనే ఆడాలా?"

కారు ఎక్కడైనా చెట్టుకింద ఆపితే పిల్లలు చూసుకుంటారు కదా అనుకుని, "తాళం లేకపోయినా ఆడనీ," అన్నాను. ఆ జవాబు ఎంత ఖరీదైనదో అప్పుడు తెలియలేదు. మధ్యాహ్నం రెండింటికి కారు ఇచ్చి నాలుగున్నరకి తెచ్చుకున్నాను. కుర్రాడు చేతిలో పనివాడే. కారు కింద ఏం చేశాడో నేను చూడలేదు, చూసినా అర్థమయ్యేది కాదు.

మొదటి వారం ఇల్లంతా పండగ. పిల్లలు ఇంట్లో ఉండకుండా కారులో కూర్చునేవారు. ఒకనాటి ఉదయం ఆఫీసుకి బయల్దేరబోతే కారు కదల్లేదు. టిక్కు టిక్కు మని చప్పుడు తప్ప ఇంజను పలకలేదు. రాత్రి పిల్లలు తెరలు ఆర్పకుండా వచ్చేశారు. నా కారు బ్యాటరీ ముప్పై అయిదు ఆంపియర్-అవర్లది. రెండు తెరలూ కలిపి గంటకి రెండు ఆంపియర్లు లాగినా, పది గంటల్లో ఇరవై ఖర్చవుతాయి. నాలుగేళ్ల పాత బ్యాటరీకి ఇక మిగిలేదేముంది? పొదుపు ఖాతాలోంచి రాత్రంతా ఎవరో డబ్బు తీసుకుంటూ ఉంటే పొద్దున్న చెక్కు తిరిగొచ్చినట్టు. పక్కింటాయన కారు నుంచి కేబుళ్లు వేసి స్టార్టు చేశాం. దాన్ని నేను ఒక హెచ్చరికగా తీసుకోవలసింది. తీసుకోలేదు. పిల్లల్ని మందలించి ఊరుకున్నాను.

మే నెలాఖరులో శ్రీకాకుళంలో మా మేనమామ గారి మనవరాలి పెళ్లి. అమ్మాయి, అల్లుడుగారు ముహూర్తం నాటికి రైల్లో వస్తామన్నారు. నేను, మా ఆవిడ, పిల్లలిద్దరు, మా అమ్మ కారులో బయల్దేరాం. మా అమ్మకి అప్పటికి డెబ్భై ఎనిమిది దాటాయి. ఒక చెవి బాగా మందగించింది. పుట్టిల్లు నరసన్నపేట దగ్గర పల్లె. తన అన్నగారి ఇంట పెళ్లి గనుక నెల ముందునించీ చీరలు మడతపెడుతూనే ఉంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా కారులో అమ్మ ఎప్పుడూ కిటికీ పక్కనే కూర్చునేది. కొంగు తలమీదికి లాక్కుని, కిటికీ కాస్త దించి, దారి పొడుగునా వచ్చే ఊళ్లన్నీ చూసుకుంటూ వచ్చేది. ఇప్పుడు తెరలు రెండూ ముందు సీట్ల వెనక ఉన్నాయి గనుక పిల్లలిద్దరూ రెండు కిటికీల పక్కన కూర్చోవలసి వచ్చింది. అమ్మ మధ్యలోకి జరిగింది. ఎవరూ అడగలేదు, ఆవిడా ఏమీ అనలేదు. నేను దాన్ని గమనించనుకూడా లేదు.

గిరిసోల దాటాం, ఇచ్ఛాపురం దాటాం. కారులో ఎంత నిశ్శబ్దం! పిల్లల చెవులకి హెడ్‌ఫోన్లు. ఎవరి బొమ్మలు వారివి. ఎండ మండిపోతోంది. ఎడమవైపు జీడి తోటలు, కుడివైపు దూరంగా కొండలు. "చూడండర్రా, కొండలు," అన్నాను. ఎవరూ తలెత్తలేదు. నడుపుతున్నంత సేపూ నా మనసులో, డబ్బులు పెట్టినందుకు ఫలితం దక్కిందని సంతోషమే.

పలాస దాటాక మా ఆవిడ కాళ్లు చాపుకోవాలని తన సీటుని పూర్తిగా వెనక్కి జరుపుకుంది. పది నిమిషాలు గడిచి ఉంటాయి.

"ఒరే, ఏదో మాడుతున్న వాసనొస్తందిరా," అంది అమ్మ.

"బయట పొలాల్లో ఎవరో చెత్త తగలేస్తున్నారమ్మా," అన్నాను.

"కాదురా, వైరు మాడినట్టుంది. నా కాళ్ల దగ్గర్నించే వస్తంది."

అద్దంలో చూశాను. మా ఆవిడ సీటు కిందనించి సన్నగా, ఊదొత్తి పొగలాగా పైకి లేస్తోంది. కారు పక్కకి తీసి ఆపాను. తాళం తిప్పి ఇంజను ఆపేశాను. ఇంజను ఆగితే అన్నీ ఆగుతాయని నా నమ్మకం. పొగ ఆగలేదు. పైగా చిక్కనైంది.

"దిగండి! దిగండర్రా!" అని అరిచాను.

పిల్లలు కదల్లేదు. వాళ్లకి వినపడలేదు. కళ్లు తెరల మీద, చెవులు హెడ్‌ఫోన్లలో. తాత అరిచాడని వాళ్లకి తెలియనే తెలియదు. ఆ రెండు మూడు క్షణాలు ఇప్పటికీ రాత్రి నిద్రలో నాకు గుర్తొస్తాయి. అమ్మే రెండు చేతులతో ఇద్దరి హెడ్‌ఫోన్లూ లాగి పారేసింది. చిన్నవాడు తలుపు తీయబోయాడు. అది రాదు. పిల్లలు కదులుతున్న కారులో తీసేస్తారని వెనక తలుపులకి చైల్డ్ లాక్ వేసి ఉంచింది నేనే. అలా వేస్తే లోపలినించి తెరుచుకోవు. మా ఆవిడ దిగి అటువైపు, నేను ఇటువైపు బయటినించి తలుపులు తీశాం. బెల్టులు విప్పి పిల్లల్ని దించాం. అమ్మని చేతులు పట్టి దించి, రోడ్డుకి దూరంగా ఒక చెట్టు కిందికి పంపాం.

వెనకొచ్చిన లారీ ఒకటి ఆగింది. క్లీనరు కుర్రాడు పది నంబరు స్పానరు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. బానెట్ తీయించి, బ్యాటరీకి ఉన్న నల్ల వైరు, అంటే మైనస్, ముందు ఊడదీశాడు. పొగ క్రమంగా తగ్గి ఆగిపోయింది. సీటు కింద అరచేయంత మేర కార్పెట్ కాలి ముద్దకట్టింది. సీటు స్పాంజికి అంటుకోలేదు. అంటుకుని ఉంటే ఈ వ్యాసం నేను రాసేవాణ్ణి కాదు.

ఆ లారీ డ్రైవరు సీటు కింద టార్చిలైటు వేసి చూసి విషయం చెప్పాడు. తెరలకి వెళ్లే వైరు సీటు జరిగే పట్టా మీదుగా వేశారు. సీటు వెనక్కి జరిగినప్పుడు ఆ పట్టా అంచున పడి పైతొడుగు తెగింది. లోపలి రాగి తీగ ఇనుముకి తగిలింది. మధ్యలో ఎక్కడా ఫ్యూజు లేదు. తాళంతో సంబంధం లేకుండా బ్యాటరీ నుంచే తీసిన వైరు గనుక ఇంజను ఆపినా కరెంటు పోతూనే ఉంది. తాళం లేకపోయినా ఆడాలని అడిగింది నేనే కదా. అతను ఆ వైరు కత్తిరించి, కొసలకి టేపు చుట్టి, బ్యాటరీ మళ్లీ బిగించి ఇచ్చాడు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. "పిల్లలున్నారు, మెల్లగా ఎళ్లండి బాబూ," అని వెళ్లిపోయాడు.

మళ్లీ కారెక్కే వేళకి అమ్మ తలుపు దగ్గర నిలబడి, "నాయనా, నేను కిటికీ పక్కన కూకోనా?" అని అడిగింది.

నన్ను కన్నతల్లి, నా కారులో కిటికీ పక్క సీటు కోసం నన్ను అనుమతి అడిగింది. ఆ మాటకి జవాబు చెప్పలేక తలుపు తీసి పట్టుకున్నాను.

ఇక తెరలు లేవు. పిల్లలు కాసేపు బిక్కమొగాలు వేసుకున్నారు. తరవాత విసుగు మొదలైంది. అప్పుడు అమ్మ, నా చిన్నప్పుడు నాతో ఆడిన ఆట మొదలుపెట్టింది.

నేను చదివింది ఒడియా బడిలో. తెలుగు అక్షరాలు నాకు ఏ మాస్టారూ నేర్పలేదు. ఏడాదికోసారి అమ్మమ్మగారి ఊరికి రైల్లో వెళ్లేవాళ్లం. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, నౌపడా, తిలారు. ఒక్కొక్క స్టేషను వచ్చినప్పుడల్లా పసుపు బోర్డు మీద నల్లటి అక్షరాలు చూపించి, "ఇది సున్న, ఇది ప, ఇది ట" అని అమ్మ చెప్పేది. తిరిగొచ్చేటప్పుడు నేను చెప్పాలి. చెబితే ఒక మరమరాల ఉండ. అయిదారేళ్లు తిరిగేసరికి చందమామ కూడబలుక్కుని చదవగలిగాను. ఈ రోజు ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే అది రైలు కిటికీ పెట్టిన భిక్షే.

టెక్కలి అయింది, కోటబొమ్మాళి అయింది. నరసన్నపేట బోర్డు దగ్గరికొచ్చేసరికి చిన్నవాడు కిటికీలోంచి వేలు చూపించాడు.

"తాతమ్మా, ఆ అక్షరాలకి టీచర్ రైట్ మార్కులేసిందా?"

మొదట అమ్మకి అర్థం కాలేదు. నాకూ కాలేదు. తరవాత అర్థమై ఇద్దరం నవ్వాం. వాడు చెబుతున్నది తలకట్టు గురించి. నిజమే, స్కూలు పుస్తకంలో టీచరు వేసే రైట్ మార్కులాగే ఉంటుంది. యాభై ఏళ్లుగా చదువుతున్నాను, నాకెప్పుడూ తోచలేదు.

"ఆరు అక్షరాలున్నాయి. మొదటి నాలుగూ రైటు. చివరి రెండూ తప్పా?" అన్నాడు.

న, ర, స, న్న. నాలుగింటికీ తలకట్టు ఉంది. పే, ట. రెండింటికీ లేదు. మీరూ రాసి చూసుకోండి.

"తప్పు కాదురా బంగారూ. పకారానికి ఏత్వం ఇచ్చాం కదా, అందుకని తలకట్టు తీసేసుకుంది. రెండు టోపీలు ఎవరైనా పెట్టుకుంటారేటి? టకి మాత్రం పుట్టుకతోనే తలకట్టు లేదు. బోడిది," అంది అమ్మ.

ఆ బోడి మాటకి పిల్లలు పడీ పడీ నవ్వారు. అక్కణ్ణించి శ్రీకాకుళం దాకా ఎన్ని బోడి అక్షరాలున్నాయో లెక్కపెట్టడమే పని. వంశధార వంతెన మీద పెద్దది కూడా చేరింది. ఖ, జ, ట, ణ, బ, ల బోడివని సాయంత్రానికి ఇద్దరికీ వచ్చేసింది. పెళ్లింట్లో శుభలేఖ పట్టుకుని వచ్చినవాళ్లందరికీ చూపించారు.

బరంపురం తిరిగొచ్చాక తెరలు పీకి పారేద్దామన్నాను. మా అమ్మాయి ఒప్పుకోలేదు. "నాన్నా, తప్పు స్క్రీన్లది కాదు. మళ్లీ పిల్లలు కొట్టుకుంటుంటే మీరు వెనక్కి తిరిగి చూస్తూ నడుపుతారు. అదీ ప్రమాదమే కదా," అంది. ఆ మాటలో న్యాయం ఉంది. లారీలకి వైరింగు చేసే ఒక పెద్ద మేస్త్రీ దగ్గరికి కారు తీసుకెళ్లాను. ఈసారి ఇంటికి రాలేదు. స్టూలు వేసుకుని పక్కనే కూర్చున్నాను. ఆయన చేస్తూ చెప్పినవి నాకు అర్థమైనంత వరకు ఇక్కడ రాస్తున్నాను. మీలో ఎవరికైనా పనికొస్తే సంతోషం.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ వైరు తీయాలి. మైనస్సే ముందు ఎందుకంటే, కారు ఇనుప ఒళ్లంతా మైనస్సే. ప్లస్ విప్పుతూ ఉండగా స్పానరు ఒంటికి తగిలితే మెరుపు వస్తుంది. మైనస్ ముందు తీసేస్తే ఆ భయం లేదు. బిగించేటప్పుడు మైనస్ ఆఖర్న బిగించాలి.

కరెంటు ఎప్పుడూ తాళం తిప్పితేనే వచ్చే వైరు నుంచి తీసుకోవాలి. అలాంటప్పుడు తాళం తీయగానే తెరలు ఆరిపోతాయి. బ్యాటరీ ఖాళీ అవదు. నాకు జరిగినలాంటిది జరిగినా, తాళం తీస్తే ఆగుతుంది.

ఫ్యూజు తప్పనిసరి. అదికూడా తెర దగ్గర కాదు, ప్లస్ వైరు బయల్దేరే చోటే ఉండాలి. ఫ్యూజు కాపాడేది వైరుని. వైరు మధ్యలో ఎక్కడ తెగినా ఫ్యూజు ముందే ఎగిరిపోవాలంటే అది మొదట్లోనే ఉండాలి. చిన్న తెరకి మేస్త్రీ అయిదు ఆంపియర్లది వేశాడు. "పెద్ద ఫ్యూజు వేస్తే మంచిదే కదా?" అని అడిగాను. "మీ బ్యాంకులో లక్ష లిమిట్ ఉన్నవాడికి కోటి లిమిట్ ఇస్తారా సార్?" అన్నాడు. ముప్పై మూడేళ్ల సర్వీసులో లోను లిమిట్ గురించి అంత సులువుగా నాకు ఎవరూ చెప్పలేదు.

సీటుని పూర్తిగా ముందుకి, పూర్తిగా వెనక్కి జరిపి, వీపు పూర్తిగా వాల్చి చూసి, ఆ మూడింటికీ సరిపోయేంత వైరు వదులుగా ఉంచాలి. పట్టా మీదుగా పోకూడదు. గొట్టపు తొడుగులోంచి పోవాలి. ఇనుప రేకు రంధ్రంలోంచి వెళ్లవలసి వస్తే రబ్బరు వాషరు పెట్టాలి. అతుకు వేస్తే మెలితిప్పి టేపు చుట్టడం కాదు, సోల్డరింగు చేసి తొడుగు వేయాలి.

సీటు కింద పసుపు తొడుగున్న వైర్లు గాని కనెక్టర్లు గాని కనబడితే వాటి జోలికి పోకూడదు. అవి ఎయిర్‌బ్యాగులకి సంబంధించినవి. నా పాత కారుకి సీట్లలో ఎయిర్‌బ్యాగులు లేవు. కొత్త కార్లు చాలావాటికి సీటు పక్కనే ఉంటాయి. అలాంటి సీటు కవరు విప్పాలంటే తెలిసినవారి చేతే చేయించాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి. మేస్త్రీ ఆ కొత్త తలగడ పట్టుకుని పైకి లాగితే చేతికొచ్చేసింది. కడ్డీకి ఉండే గాడి సీటులోని లాకుకి సరిపోలేదు. ఆ తలగడ అలంకారానికి ఉన్నది కాదు. వెనకనించి ఎవరైనా గుద్దితే తల వెనక్కి విరిగి మెడ దెబ్బతినకుండా ఆపేది అదే. ఇన్నాళ్లూ మా ఆవిడ మెడకి ఆసరా లేకుండా కూర్చోబెట్టానన్నమాట. కొత్త తలగడలు రెండూ తీసేయించి, కారుతో వచ్చినవే మళ్లీ పెట్టించాను.

ఇప్పుడు మా కారులో ఒక్కటే తెర ఉంది. మా ఆవిడ సీటు వెనక, పాత తలగడ కడ్డీలకే బిగించినది, అంచులు గుండ్రంగా ఉన్నది. నా సీటు వెనక ఏమీ లేదు. ఆ కిటికీ అమ్మది. పిల్లలిద్దరికీ ఒకే తెర, ఒకే బొమ్మ. హెడ్‌ఫోన్లు లేవు. శబ్దం నా మాట వినపడేంత తక్కువ. అందరికీ బెల్టులు. వెనక సీటువాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాలని చట్టంలోనే ఉంది, మనమే పట్టించుకోం.

కదులుతున్న కారులో తెర చూస్తే కొందరికి కడుపులో తిప్పుతుంది. కళ్లు కదలిక లేదంటాయి, చెవి లోపలి భాగం ఉందంటుంది, రెండు లెక్కలూ టాలీ కావు. మావాడు రంభ దగ్గర ఒకసారి ఆ టాలీ కాని లెక్క నా సీటు కవరు మీదే తేల్చాడు. అందుకని అరగంట తెర, అరగంట కిటికీ అని నియమం పెట్టాం. భువనేశ్వర్ దారిలో రంభ నుంచి బాలుగాం దాకా తెర బంద్. అక్కడ చిలికా కనబడుతుంది. దక్షిణాదికి వెళ్లేటప్పుడు గిరిసోల దాకానే తెర. అవతల మన అక్షరాలు మొదలవుతాయి.

తెరని తిట్టి ముగించడం న్యాయం కాదు. దాని వల్ల ఒక మేలు కూడా జరిగింది. మాయాబజార్ సినిమా పెన్‌డ్రైవ్‌లో ఎక్కించమని అమ్మ అడిగింది. 1957 నాటి సినిమా, మూడు గంటల పైచిలుకు. ఫైలు నాలుగు జీబీ దాటితే మామూలు పద్ధతిలో ఉన్న పెన్‌డ్రైవ్ తీసుకోదని అప్పుడు తెలిసింది. మా ఆఫీసు కుర్రాడు రెండు భాగాలు చేసి ఇచ్చాడు. ఘటోత్కచుడు పెళ్లివంటలన్నీ తినేస్తుంటే పిల్లలు సీట్లోంచి ఎగిరారు. అర్థం కాని మాటలన్నీ తాతమ్మని అడిగారు. ఆ సినిమా మా దారిలో నాలుగుసార్లు ఆడింది.

మొన్న 2025 సంక్రాంతికి మళ్లీ శ్రీకాకుళం వెళ్లాం. అమ్మకి ఇప్పుడు కళ్లు కూడా మందగించాయి. ఒక కంటికి శుక్లం తీశారు, రెండో కన్ను అంతంత మాత్రం. దూరపు బోర్డులు కనబడవు. అయినా కిటికీ పక్కనే కూర్చుంది. గిరిసోల రాగానే ఎవరూ చెప్పకుండానే చిన్నవాడు తెర ఆర్పేశాడు. అమ్మ కిటికీలోంచి చూస్తూ, "ఇప్పుడేటొచ్చిందే?" అని అడిగింది.

పెద్దది ముందుకి వంగి చదివింది. "ఇ... చ్... తాతమ్మా, చకి కింద ఛ ఉంది. ఇ-చ్ఛా-పు-రం. ఇచ్ఛాపురం!"

"అయితే మనూరొచ్చేసినట్టే," అంది అమ్మ.

అక్కణ్ణించి నరసన్నపేట దాకా ప్రతి బోర్డూ అది చదువుతూనే ఉంది. అమ్మ వింటూనే ఉంది. తప్పు చదివినప్పుడు మాత్రం, బోర్డు కనబడకపోయినా, ఊళ్ల వరస తెలుసు గనుక సరిదిద్దింది.

హోసూరు వారికి, బళ్లారి వారికి, షోలాపురం వారికి కూడా సొంత ఊరి దారిలో మన అక్షరం మొదటిసారి కనబడే బోర్డు ఒకటి ఉండే ఉంటుంది. కారులో తెర పెట్టించుకోండి, తప్పులేదు. వైరు మాత్రం తెలిసినవాడి చేత, మీరు పక్కన కూర్చుని వేయించండి. ఆ బోర్డు వచ్చే చోట మాత్రం తెర ఆర్పేసి, పెద్దవాళ్లని కిటికీ పక్కన కూర్చోబెట్టండి.